పట్టణ కుటుంబాలకు ప్రాథమిక వైద్యం: అందుబాటులో అసమానతలు

జ్వరం వచ్చిన మనిషికి ఆ రోజే రక్తపరీక్ష చేయడం, గర్భిణికి నెలనెలా బీపీ, బరువు చూడడం, పసిబిడ్డకు వేళకు టీకా వేయడం, షుగర్ ఉన్నవారికి మాత్రలు తప్పిపోకుండా చూడడం... ఇంటికి దగ్గరలో, జబ్బు ముదరకముందే అందవలసిన ఇలాంటి వైద్యాన్ని ప్రాథమిక వైద్యం అంటారు. 1978 సెప్టెంబరులో అప్పటి సోవియట్ కజకిస్థాన్‌లోని అల్మా అటాలో జరిగిన అంతర్జాతీయ సదస్సు దీని పరిధిని ఇంకా పెంచింది. మంచినీరు, పారిశుధ్యం, పౌష్టికాహారం, ఆరోగ్య విద్య, ముఖ్యమైన మందుల సరఫరా కూడా ఇందులో భాగమేనని ప్రకటించింది. ఒకే ఊళ్లో, ఒక్కోసారి ఒకే వీధిలో ఉండే కుటుంబాలకు ఈ వైద్యం ఒకే తీరుగా అందకపోవడం ఈ వ్యాస విషయం. ఇందులో ప్రధానంగా భారతదేశ నగరాలు, వాటిలోనూ హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ ప్రస్తావనకు వస్తాయి.

పల్లెలో డాక్టరు లేకపోతే ఆ లోటు అందరికీ తెలుస్తుంది. నగరంలో ఆ లోటు పెద్ద భవనాల చాటున దాగిపోతుంది. కార్పొరేట్ ఆసుపత్రి వెనుక సందులో గుడిసె వేసుకున్న కుటుంబం రోజూ ఆ ఆసుపత్రి బోర్డు వెలుగులోనే వంట చేసుకుంటుంది. ఆ ఇంటి పెద్దకు బీపీ ఉందో లేదో ఒక్కసారైనా చూసినవారు ఉండరు. నగరంలో మంచాలెన్ని, డాక్టర్లెందరు అన్న లెక్కతో ఈ అసమానత అర్థం కాదు. వైద్యంలో మొదటి మెట్టు ఎవరి గడప దగ్గర ఉంది, ఎవరికి దూరంగా ఉంది అని చూసినప్పుడే తేలుతుంది.

నగరాన్ని పక్కన పెట్టిన ప్రణాళికలు

భారతదేశంలో ప్రజావైద్యానికి తొలి నమూనా గీసింది భోర్ కమిటీ. సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన 1943లో ఏర్పడి 1946లో నివేదిక ఇచ్చింది. డబ్బు కట్టలేకపోవడం వల్ల ఏ ఒక్కరికీ తగిన వైద్యం అందకుండా పోకూడదన్నది దాని మూలసూత్రం. అప్పటికి దేశ జనాభాలో అత్యధికులు పల్లెల్లో ఉన్నారు, డాక్టర్లు మాత్రం పట్టణాల్లో పోగుపడి ఉన్నారు. కమిటీ దృష్టి పల్లెల మీద నిలవడం న్యాయమే. 1952 అక్టోబరు 2న మొదలైన సమాజాభివృద్ధి పథకంతో పాటు పల్లెల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు వచ్చాయి. కాలక్రమంలో మైదాన ప్రాంతాల్లో 5,000 మందికి ఒక ఉపకేంద్రం, 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 1,20,000 మందికి ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం అన్న కొలతలు స్థిరపడ్డాయి. అమలులో లోపాలున్నా, పల్లెకు ఎంత వైద్యం రావాలో చెప్పే లెక్క ఒకటి కాగితం మీద ఉంది. అది రానప్పుడు సర్పంచి అడగగలడు.

పట్టణానికి అప్పట్లో ఆ లెక్కే లేదు. పెద్దాసుపత్రి ఉంది, వీధికో ప్రైవేటు డాక్టరు ఉన్నాడు, ఇంకేం కావాలన్న ధీమా దశాబ్దాల తరబడి సాగింది. పెద్దాసుపత్రి చేయవలసిన పని వేరు. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, నిలోఫర్, విశాఖలో కేజీహెచ్ జిల్లాల నుంచి ప్రాణాల మీదికి వచ్చినవారిని చూసుకోవడానికి ఉన్నవి. దగ్గుకు, జ్వరానికి, కాలి పుండుకు కూడా నగర పేదలు అక్కడికే పోవలసి రావడంతో అక్కడి ఓపీ వరసలు పెరిగాయి. ఆ వరసలు చూసి జనం బెదిరారు. బెదిరినవాళ్లు జబ్బు ముదిరేదాకా ఆగి, స్ట్రెచర్ మీద మళ్లీ అక్కడికే చేరారు.

మురికివాడలకు విడిగా ఆరోగ్య కేంద్రాలు కావాలని 1982లో కృష్ణన్ కమిటీ చెప్పింది. జనాభాను బట్టి నాలుగు రకాల కేంద్రాలను సూచించింది. 1990 దశకంలో ప్రపంచ బ్యాంకు రుణంతో భారత జనాభా ప్రాజెక్టు ఎనిమిదో దశ ఢిల్లీ, కలకత్తా, బెంగళూరుతో పాటు హైదరాబాద్ బస్తీల్లోనూ నడిచింది. 2000 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పట్టణ మురికివాడల ఆరోగ్య పథకం పెట్టి, 192 పట్టణ ఆరోగ్య కేంద్రాల నిర్వహణను స్వచ్ఛంద సంస్థలకు అప్పగించింది. ఈ ప్రయత్నాలన్నిటికీ ఒక పోలిక ఉంది. కుటుంబ నియంత్రణ, బాలింతల సంరక్షణ, టీకాలు వీటి కేంద్రబిందువు. ఆ పనులు అవసరమే, వాటి వల్ల మేలూ జరిగింది. కానీ కడుపుతో లేని స్త్రీ, నలభై ఏళ్లు దాటిన పురుషుడు, ముసలివాళ్లు ఈ కేంద్రాల రిజిస్టర్లలో ఎక్కడా కనిపించేవారు కాదు. పైగా ప్రాజెక్టు గడువు తీరగానే నిధులు ఆగేవి, సిబ్బంది చెదిరిపోయేవారు.

పల్లెలకు 2005 ఏప్రిల్‌లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చింది. పట్టణ మిషన్‌కు కేంద్ర మంత్రివర్గం 2013 మే 1న గాని ఆమోదం తెలపలేదు. 50,000 మందికి ఒక పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 10,000 మందికి ఒక ఏఎన్‌ఎం (సహాయక నర్సు), 200 నుంచి 500 ఇళ్లకు ఒక ఆశా కార్యకర్త, 50 నుంచి 100 ఇళ్లకు ఒక మహిళా ఆరోగ్య సమితి అన్న కొలతలు అప్పుడు వచ్చాయి. పల్లెలో తొలి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ, పట్టణానికి ఒక జాతీయ ప్రమాణం ఏర్పడడానికీ మధ్య అరవై ఏళ్లు గడిచాయి. నేటి అసమానతకు సగం కారణం ఈ అరవై ఏళ్ల ఖాళీయే. ఆ ఖాళీని ప్రైవేటు క్లినిక్కులు, మందుల షాపులు, డిగ్రీ లేకుండా వైద్యం చేసే ఆర్‌ఎంపీలు తమకు వీలైనట్టు నింపుకున్నారు.

లెక్కకు రాని ఇళ్లు

2011 జనగణన దేశంలో సుమారు ఆరున్నర కోట్ల మంది మురికివాడల్లో ఉన్నారని లెక్కించింది. పట్టణ జనాభాలో ఇది 17.4 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ సంఖ్య కోటి దాటింది. పట్టణాల్లో మూడో వంతుకు మించినవారు బస్తీవాసులే. పది లక్షలు దాటిన నగరాల్లో మురికివాడల్లో ఉండే కుటుంబాల వాటా అన్నిటికన్నా ఎక్కువ ఉన్నది విశాఖపట్నంలో, 44 శాతం. విజయవాడలో అది 40 శాతం దాటింది. సముద్రతీరం, ఉక్కు కర్మాగారం, ఓడరేవు పేరు చెప్పి మనం మురిసిపోయే విశాఖకు కొండవాలు కాలనీల మెట్లు కూడా అంతే సొంతం. నెలలు నిండిన గర్భిణి ఆ మెట్లు దిగితే గాని ఆటో దొరకదు.

ఈ అంకెలు కూడా మొత్తం కథ చెప్పవు. జనగణన నిర్వచనంలో మురికివాడ అనిపించుకోవాలంటే అరవై, డెబ్భై ఇళ్లయినా ఒకచోట ఉండాలి. రైలు పట్టాల పక్క పాతిక గుడిసెలు, ఫ్లైఓవర్ కింద పది కుటుంబాలు ఆ నిర్వచనంలోకి రావు. హైదరాబాద్ అంచున కోకాపేట, నార్సింగి వైపు నలభై అంతస్తుల భవనాలు కడుతున్న కూలీలు రేకుల షెడ్లలో ఉంటారు. పని అయిపోగానే షెడ్డు లేస్తుంది, కుటుంబం ఇంకో సైటుకు పోతుంది, బిడ్డ రెండో డోసు టీకా ఎవరి జాబితాలోనూ ఉండదు.

పేదరికం బస్తీలోనే ఉంటుందనుకోవడం మరో పొరపాటు. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఎనిమిది నగరాల్లో మురికివాడలను, ఇతర ప్రాంతాలను విడివిడిగా పరిశీలించింది. వాటిలో హైదరాబాద్ ఒకటి. మురికివాడల్లో ఉన్నవారందరూ కటిక పేదలు కారని, పేదల్లో చాలామంది మురికివాడల బయట ఉన్నారని అందులో తేలింది. అపార్ట్‌మెంటు సెల్లారులో ఒక్క గదిలో కాపురముండే వాచ్‌మన్ కుటుంబం దీనికి మంచి ఉదాహరణ. చిరునామా చూస్తే సంపన్నుల కాలనీ. బస్తీ జాబితా పట్టుకుని తిరిగే ఆశా కార్యకర్త ఆ గేటు లోపలికి రాదు. పై అంతస్తుల్లోని ఫ్యామిలీ డాక్టరు సెల్లారులోకి దిగడు. రెండు వ్యవస్థల మధ్య ఇరుక్కుని ఏ వ్యవస్థకూ చెందకుండా పోయిన కుటుంబం అది.

కేంద్రాల కేటాయింపులు జనాభా లెక్కల మీద ఆధారపడతాయి. 2021లో జరగవలసిన జనగణన ఆ ఏడాది జరగలేదు. శివార్లలో కొత్తగా పుట్టుకొచ్చిన కాలనీలకు పాత లెక్కల ప్రకారమే కేంద్రాలు కేటాయించవలసి వచ్చింది. సగటు అంకెల్లోనూ ఇదే చిక్కు. పట్టణ శిశు మరణాలు పల్లెల కంటే తక్కువ, పట్టణ టీకాలు మెరుగు అని సర్వేలు చెప్పేటప్పుడు జూబ్లీహిల్స్ బంగళా, జియాగూడ ఇరుకు ఇల్లు ఒకే గంపలో పడతాయి. పెద్ద ఇంటి ఆరోగ్యం చిన్న ఇంటి అనారోగ్యాన్ని కప్పేస్తుంది.

నగరంలో దూరాన్ని దేనితో కొలవాలి

ఆరోగ్య కేంద్రం అర కిలోమీటరులో ఉన్నా అందనంత దూరంలో ఉండవచ్చు. నగర పేదలకు దూరం ముందుగా గంటల్లో ఉంటుంది. నాలుగిళ్లలో పనిచేసే స్త్రీ పొద్దున ఆరింటికే బయలుదేరుతుంది. గిన్నెలు, బట్టలు, ఇల్లు తుడవడం ముగించుకుని తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది, మళ్లీ సాయంత్రం పని ఉంటుంది. అడ్డా కూలీ ఏడింటికల్లా కూడలిలో నిలబడాలి. ఆ వేళ తప్పితే ఆ రోజు కూలి లేదు. సర్కారు కేంద్రం తెరిచేది తొమ్మిదింటికి, మూసేది నాలుగింటికి. పేదల పని గంటలు, డాక్టరు పని గంటలు ఒకటే. డాక్టరు దగ్గరికి పోవాలంటే కూలి వదులుకోవాలి. పెద్దాసుపత్రి అయితే ఓపీ చీటీకి ఒక వరస, డాక్టరు గదికి ఒక వరస, రక్తం ఇవ్వడానికి ఇంకొకటి, రిపోర్టుకు మర్నాడు రావడం. ఉచిత వైద్యం అనే మాటలో ఈ రెండు రోజుల కూలి లెక్కకు రాదు.

ఆర్‌ఎంపీని ఇక్కడే అర్థం చేసుకోవాలి. ఇరుకు గదిలో, తెర వెనుక బల్ల వేసుకుని, రాత్రి పదింటిదాకా కూర్చునే ఈ మనిషి దగ్గరికి జనం అజ్ఞానంతో పోతున్నారని చదువుకున్నవాళ్లు తేలిగ్గా అనేస్తారు. అది తప్పు. అతను పని ముగిసిన వేళకు దొరుకుతాడు, పేరుపెట్టి పలకరిస్తాడు, చేతిలో డబ్బు లేకపోతే రేపిమ్మంటాడు, పరీక్షంటూ తిప్పడు. పేద కుటుంబం తన సమయానికి, తన జేబుకు తగిన లెక్క వేసుకునే అక్కడికి వెళుతుంది. నష్టం మాత్రం నిజమైనది. ప్రతి జ్వరానికీ ఒక సూది, నీరసానికి సెలైన్, దగ్గుకు రెండు రోజుల యాంటీబయాటిక్, ఒళ్లు నొప్పులకు స్టెరాయిడ్. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్లె పరీక్ష చేయిస్తే బయటపడవలసిన క్షయ ఇలా నెలలపాటు మరుగున పడుతుంది. మందుల షాపు కౌంటరు దగ్గరా ఇదే తంతు. ఉన్న డబ్బుకు సగం స్ట్రిప్ కోసి ఇస్తారు, తగ్గినట్టు అనిపించగానే మిగతా సగం ఎవరూ కొనరు. ఆర్‌ఎంపీలను తరిమేస్తామని ప్రభుత్వాలు అప్పుడప్పుడు దాడులు చేస్తాయి. ఆ సాయంత్రం బస్తీకి వేరే డాక్టరును చూపకుండా ఉన్న ఒక్క తలుపును మూసేస్తే జబ్బు మనిషి ఎక్కడికి పోవాలో ఆ దాడుల్లో జవాబు ఉండదు.

రెండో దూరం కాగితాలది. ఆసుపత్రి చికిత్సను ఉచితంగా ఇచ్చే ఆరోగ్యశ్రీకి ఆహార భద్రత కార్డు కావాలి, కార్డుకు ఇక్కడి చిరునామా కావాలి, చిరునామాకు ఇంటి యజమాని సంతకం కావాలి. అద్దె ఒప్పందం లేని గదిలో ఉండేవారికి ఈ గొలుసులో మొదటి కొక్కెమే తగలదు. ఒడిశా, బిహార్ నుంచి హైదరాబాద్‌కు వచ్చిన కూలీలకు దీనికి భాష కూడా తోడవుతుంది. నొప్పి ఎక్కడో, ఎలాంటిదో చెప్పలేక ఊరకే పొట్ట చూపిస్తారు. తెలుగువాళ్లకు ఇది పరాయి సంగతి కాదు. పాలమూరు నుంచి ముంబై వెళ్లిన తాపీ కూలీలు, శ్రీకాకుళం నుంచి చెన్నై చేరిన కుటుంబాలు అక్కడి ఆసుపత్రుల్లో ఇదే తీరుగా నిలబడ్డారు.

మర్యాద కూడా ఒక దూరమే. ఇన్నాళ్లు ఏం చేశావు, ఇంతమంది పిల్లలెందుకు, ఒళ్లు శుభ్రంగా పెట్టుకోవా అన్న కసుర్లు ఒక్కసారి విన్న స్త్రీ రెండోసారి రాదు. ఆ విషయాన్ని పది ఇళ్లకు చెబుతుంది. కొత్త భవనం, కొత్త రంగు ఆ మాటను చెరపలేవు.

కుటుంబం లోపలి వరస

బస్తీకీ కాలనీకీ మధ్య ఉన్న తేడా ఇంటి లోపల కూడా ఉంటుంది. డాక్టరుకు పెట్టే డబ్బులో మొదటి వంతు సంపాదించే మగవాడిది, తర్వాత పిల్లలది. ఆడమనిషి తన నీరసాన్ని జబ్బుగా లెక్కలోకే తీసుకోదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. ప్రసవమప్పుడు మాత్రం వ్యవస్థ ఆమెను వెతుక్కుంటూ వస్తుంది. తెలంగాణలో 2017లో మొదలైన కేసీఆర్ కిట్, అంతకుముందు నుంచీ ఉన్న జననీ సురక్ష వంటి పథకాలు ప్రభుత్వాసుపత్రి కాన్పులను పెంచాయి. బిడ్డ పుట్టిన తర్వాత తల్లి ఆ వ్యవస్థ చూపు నుంచి తప్పుకుంటుంది. ఆమెకు మళ్లీ బీపీ చూసే సందర్భం ఎప్పుడొస్తుందో చెప్పలేం. వృద్ధుల పరిస్థితి ఇంకా కష్టం. కొడుకు, కోడలు ఇద్దరూ పనికి పోతే వాళ్లను కేంద్రానికి నడిపించుకెళ్లేవారు ఉండరు.

మొదటి మెట్టు లేదు, చివరి మెట్టుకు కార్డు ఉంది

వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీని ప్రారంభించింది. తర్వాత అది రాష్ట్రమంతటా విస్తరించింది. గుండె ఆపరేషను, క్యాన్సర్ చికిత్స పేద ఇంటికి అందిన తీరు చిన్న విషయం కాదు. ఎన్నో కుటుంబాలు అప్పుల ఊబి నుంచి బయటపడ్డాయి. దేశంలో తర్వాత వచ్చిన ఆరోగ్య బీమా పథకాలకు అది దారి చూపింది. కానీ ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారికి వర్తించే పథకం. రోజూ వేసుకోవలసిన బీపీ మాత్రకు, మూడు నెలలకోసారి చేయించవలసిన షుగర్ పరీక్షకు అందులో చోటు లేదు. బీపీని, షుగర్‌ను ఏళ్ల తరబడి ఎవరూ చూడకపోతే మూత్రపిండాలు చెడతాయి. అప్పుడు డయాలసిస్‌కు కార్డు పనిచేస్తుంది. చవకగా ఆపగలిగిన జబ్బును ఆపకుండా, ముదిరాక ఖరీదైన చికిత్సకు డబ్బు కట్టడం ఈ అమరికలోని అసలు లోపం.

పట్టణాల్లో ఈ జబ్బుల బరువు ఎక్కువ. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన దేశవ్యాప్త అధ్యయనం 2023లో వెలువడింది. పెద్దల్లో మధుమేహం పట్టణాల్లో 16.4 శాతం, పల్లెల్లో 8.9 శాతం అని అది తేల్చింది. షుగర్ ఇప్పుడు శ్రీమంతుల జబ్బు కాదు. రేషన్ బియ్యం తప్ప కూరగాయలు కొనలేని ఇంట్లో, నడవడానికి చోటు లేని బస్తీలో అది స్థిరపడింది.

డబ్బు ఎటు పోతోందో చూద్దాం. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం పట్టణాల్లో చికిత్స పొందిన జబ్బుల్లో ప్రభుత్వ వైద్యుల దగ్గరికి వచ్చినవి సుమారు 26 శాతమే. తక్కినవి దాదాపు అన్నీ ప్రైవేటుకే పోయాయి. దేశం మొత్తం వైద్య వ్యయంలో కుటుంబాలు నేరుగా జేబులోంచి పెట్టే వాటా 2013-14లో 64.2 శాతం ఉండగా, 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గినట్టు జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. తగ్గడం మంచిదే. అయినా ఆ మిగిలిన ఖర్చులో పెద్ద భాగం మందులది. ఓపీ వైద్యానికి, మందులకు బీమా రాదు కాబట్టి కుటుంబం ప్రతి నెలా ఆ డబ్బు తీయవలసిందే. బియ్యం, అద్దె, ఫీజు, మాత్ర అన్న నాలుగింటిలో నెలాఖరుకు ముందుగా ఆగేది మాత్ర.

వేల్స్ గని కార్మికుల మధ్య పనిచేసిన డాక్టర్ జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లో లాన్సెట్ పత్రికలో ఒక సూత్రం ప్రతిపాదించాడు. మంచి వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వారికే తక్కువగా అందుతుంది. వైద్యం మార్కెట్ చేతిలో ఎంతగా ఉంటే ఈ విలోమం అంతగా ముదురుతుంది. బొగ్గు గనుల ఊళ్లో ఆయన చూసినదాన్ని మన నగరాల్లో ఏ బస్తీలోనైనా సాయంత్రం గంటసేపు తిరిగితే చూడవచ్చు.

బస్తీ దవాఖానాలు

హైదరాబాద్‌లో 2018 ఏప్రిల్‌లో మొదలైన బస్తీ దవాఖానాలను ఈ విషయంలో తెలుగు నేల చేసిన ముఖ్యమైన ప్రయోగంగా చెప్పాలి. ఢిల్లీలో 2015లో వచ్చిన మొహల్లా క్లినిక్‌ల ఆలోచనకు ఇది దగ్గరిది. ఐదు నుంచి పదివేల మందికి ఒకటి చొప్పున కమ్యూనిటీ హాళ్లలో, పాత మునిసిపల్ గదుల్లో వీటిని తెరిచారు. ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక సహాయకురాలు ఉంటారు. డాక్టరు చూడడం, మందులు, పరీక్షలు అన్నీ ఉచితం. రక్త నమూనాలు నారాయణగూడలోని కేంద్ర ప్రయోగశాలకు వెళతాయి, ఫలితం ఫోనుకు వస్తుంది. 2022 నాటికి వీటి సంఖ్య నగరంలో 250 దాటింది.

వీటి బలం ఇరుగుపొరుగుతనంలో ఉంది. చెప్పులు వేసుకుని నడిచి వెళ్లిపోవచ్చు, ఆటో కట్టనక్కర లేదు. ముసలమ్మ ఒక్కతే వెళ్లి బీపీ చూపించుకుని రాగలదు. పాతబస్తీలో ఇంటి మగవాడు తోడు లేనిదే గడప దాటని స్త్రీలు కూడా తమ గల్లీలోని దవాఖానాకు వెళ్లగలుగుతున్నారు. పెద్దాసుపత్రి అన్న మాట వింటేనే జంకే మనిషికి ఒకే డాక్టరు ముఖం పదేపదే కనిపించడం ఎంత ధైర్యమో అనుభవించినవారికి తెలుస్తుంది.

లోపాలు కూడా అక్కడే ఉన్నాయి. డాక్టర్లలో ఎక్కువమంది కాంట్రాక్టు మీద పనిచేస్తారు. పీజీ సీటు వస్తే వెళ్లిపోతారు. కొత్త డాక్టరు వచ్చేదాకా నర్సే నెట్టుకొస్తుంది. నెలవారీ జబ్బుల మందులు అయిపోయినప్పుడు చీటీ రాసి బయట కొనుక్కోమంటారు. ఆ చీటీతో రోగి తిరిగి పాత మందుల షాపుకే చేరతాడు. పెద్దాసుపత్రికి పంపినవారు అక్కడ చేరారో లేదో తెలుసుకునే పద్ధతి బలంగా లేదు. వేళల విషయంలో 2022లో ఒక మంచి మార్పు జరిగింది. ఆదివారం తెరిచి, శనివారం సెలవు ఇచ్చే పద్ధతి పెట్టారు. పనివాళ్లకు దొరికే ఒక్క సెలవు రోజున డాక్టరు దొరకాలన్న ఇంగితం అందులో ఉంది. రోజువారీ గంటలు మాత్రం తొమ్మిది నుంచి నాలుగు వరకే సాగాయి.

ఆంధ్రప్రదేశ్ ఇంకో దారి పట్టింది. 2016లో 222 పట్టణ కేంద్రాలను ప్రైవేటు నిర్వాహకులకు అప్పగించి, ముఖ్యమంత్రి ఆరోగ్య కేంద్రాల పేరుతో దూరవైద్యాన్ని జోడించింది. ప్రభుత్వం మారాక వాటిని వెనక్కు తీసుకుని వైఎస్ఆర్ పట్టణ ఆరోగ్య కేంద్రాలుగా మార్చారు. ప్రభుత్వం మారినప్పుడల్లా బోర్డు, రంగు, నిర్వాహకుడు మారడం రోగికి చేటు. షుగర్ రోగి కార్డులో రాసిన పదేళ్ల చరిత్ర బోర్డుతో పాటు చెరిగిపోతుంది.

నీళ్లు, మురుగు, దోమ

ప్రాథమిక వైద్యాన్ని డాక్టరు గదికే పరిమితం చేస్తే నగరంలో సగం జబ్బుల మూలం తప్పిపోతుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని గుర్తించాడు. ఆయన పేరు పెట్టుకున్న నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిని హైదరాబాదీలు ఇప్పటికీ కోరంటి దవాఖాన అనే అంటారు. క్వారంటైన్ అన్న మాట జనం నోట అలా నలిగింది. దోమ సంగతి తేలి నూట పాతికేళ్లు దాటింది. వానాకాలం రాగానే ఆ ఆసుపత్రి ముందు డెంగీ, విషజ్వరాల రోగులు ఇప్పటికీ బారులు తీరతారు. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో, 2018 మార్చిలో గుంటూరులో తాగునీటిలో మురుగు కలిసి ఎందరో ప్రాణాలు కోల్పోయారు. కొళాయి పైపు, మురుగు కాలువ ఒకదాని పక్కన ఒకటి పాతబడినచోట ఈ చావులు జరుగుతాయి. నీళ్ల డబ్బా కొనుక్కోగల ఇంటికి ఆ ముప్పు తక్కువ.

ఇక్కడే బాధ్యతల చిక్కు ముడిపడుతుంది. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ ప్రజారోగ్యం, పారిశుధ్యం, మురికివాడల అభివృద్ధిని పట్టణ సంస్థలకు ఇవ్వదగిన విషయాలుగా చేర్చింది. ముంబై కార్పొరేషన్‌కు సొంత ఆసుపత్రులు, సొంత వైద్య కళాశాలలు ఉన్నాయి. హైదరాబాద్‌లో దోమల మందు మునిసిపాలిటీది, నీళ్లు వేరే బోర్డువి, టీకా వైద్య శాఖది, అంగన్‌వాడీ గుడ్డు ఇంకో శాఖది. విరేచనాలతో పడిపోయిన బిడ్డ తల్లి వీటిలో ఎవరిని అడగాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. పదిహేనో ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి 70,051 కోట్ల రూపాయలు కేటాయించడం ఈ చిక్కును విప్పే దిశలో పడిన అడుగు. ఖర్చు చేయగల ఆరోగ్య విభాగం ఉన్న మునిసిపాలిటీలు మాత్రం కొద్ది.

బ్రెజిల్ అనుభవం ఇక్కడ చెప్పుకోదగింది. 1994లో అక్కడ మొదలైన కుటుంబ ఆరోగ్య కార్యక్రమంలో డాక్టరు, నర్సు, ఇంటింటికీ తిరిగే కార్యకర్తలు ఒక జట్టుగా ఉంటారు. జట్టుకు కొన్ని వేలమంది నివాసులను పేరుపేరునా అప్పగిస్తారు. రోగి వచ్చేదాకా ఎదురుచూడకుండా ఇంటి తలుపు తట్టడం వాళ్ల పని. సావ్ పావ్లో, రియో వంటి మహానగరాల మురికివాడల్లోనూ ఈ జట్లు తిరుగుతాయి. మన ఆశా కార్యకర్త కూడా తలుపు తట్టేదే. ఆమె వెనుక డాక్టరు జట్టు లేదు, చేతిలో స్థిరమైన జీతం లేదు, అంతే తేడా.

పేద కుటుంబానికి మొదటి మెట్టును దగ్గర చేసే పనుల్లో అన్నిటికన్నా సులువైనది 2013 నాటి మిషన్ పత్రంలోనే ఉంది. పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ఓపీ వీలైతే మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది వరకు ఉండాలని అది సూచించింది. దానికి కొత్త భవనం అక్కరలేదు, కొత్త చట్టమూ అక్కరలేదు. సాయంత్రం పూట పనిచేసే డాక్టరుకు, నర్సుకు తగిన జీతం, రాత్రి ఇంటికి చేరే ఏర్పాటు ఉంటే చాలు. అది జరిగేదాకా కాలనీల్లో ఉండేవారు ఒక పని చేయవచ్చు. మీ ఇంట్లో పనిచేసే మనిషికి, మీ సెల్లారులో ఉండే వాచ్‌మన్‌కు, అతని భార్యకు నెలకొక పూట జీతం కోయకుండా సెలవివ్వండి. బీపీ, షుగర్ చూపించుకుని రమ్మని చెప్పండి.